పక్క రంగును బట్టే రంగు

"డబ్బాల డబ్బా గీసి గొప్ప బొమ్మ అంటరేంది?" ఫోన్ల అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ కనిపిస్తే మన పోరగాండ్లు అడిగే మాట ఇది. అడుగుడు తప్పు కాదు. జవాబు చెప్పేటోళ్లే పెద్ద పెద్ద మాటలతోని భయపెట్టి, ఇది మనకు అందేది కాదనిపిస్తరు. నేనైతే రెండు కాయితం ముక్కలతోని చెప్త.

జోసెఫ్ ఆల్బర్స్ 1888ల జర్మనీల పుట్టిండు. తండ్రి ఇండ్లకు రంగులేసే పనిమంతుడు. ఆల్బర్స్ బౌహౌస్ అనే కళల బడిల పాఠాలు చెప్పిండు. నాజీల ఒత్తిడికి 1933ల ఆ బడి మూతపడితే అమెరికా పోయిండు. 1950ల, 60 ఏండ్లు దాటినంక, 'హోమేజ్ టు ద స్క్వేర్' అనే వరుస మొదలుపెట్టిండు. 1976ల చనిపోయేదాక అదే పని. వెయ్యికి పైనే వేసిండు.

ప్రతి దాంట్ల చతురస్రంల చతురస్రం, మూడో నాలుగో ఉంటయ్. అవి నట్టనడుమ ఉండవు, కిందికి దిగి ఉంటయ్. కింద ఒక వంతు జాగ ఇడిస్తే అటు ఇటు రెండేసి వంతులు, పైన మూడు. ఆకారం ఎందుకు మార్చలే? సైన్సు ప్రయోగంల ఒక్కటే మార్చి మిగిలినయి కదలకుంట పెడ్తం గదా, గట్లనే. చెట్టునో మనిషినో గీస్తే కన్ను కథ ఎతుక్కుంటది. ఉత్త డబ్బా అయితే రంగునే చూస్తది.

ఇగ మీరే చేసి చూడుండ్రి. ఒకే బూడిద రంగు కాయితంకెల్లి రెండు సమానమైన ముక్కలు కత్తిరించుండ్రి. ఒకటి నల్ల అట్ట మీద, ఒకటి తెల్ల అట్ట మీద పెట్టుండ్రి. నలుపు మీదిది తేటగ, తెలుపు మీదిది ముదురుగ కనిపిస్తది. రెండూ ఒకటే అని తెలిసినా కన్ను ఒప్పుకోదు. చీరెకు మ్యాచింగ్ జాకెటు గుడ్డ కొనేటోళ్లు చీరెను ఎంట తీస్కపోయేది గందుకే. ఆల్బర్స్ తన విద్యార్థులతోని ఇసొంటివే రంగు కాయితాలతోని చేయించి, 1963ల 'ఇంటరాక్షన్ ఆఫ్ కలర్' అనే పుస్తకంల పెట్టిండు.

ఆయన చాలామటుకు రంగులు కలపకుంట, ట్యూబుకెల్లి తీసి నేరుగ చాకుతోని పూసెటోడు. ఏ రంగు వాడిండో బొమ్మ ఎనుక రాసెటోడు. దాసుకునుడు ఏం లేదు. అయినా నడిమి డబ్బా ఒక బొమ్మల దీపం లెక్క ఎలుగుతది, ఇంకో బొమ్మల లోపలికి గుంజుకపోతది.

బొమ్మ నచ్చకుంటే నచ్చలేదనుండ్రి. డబ్బా ఎవరన్న గీస్తరు, నిజమే. నడిమి రంగు ఎలగాలంటే పక్కన ఏ రంగు పెట్టాలెనో ఎంచుడే అసలు పని. అది నేర్చుకునేటందుకు కత్తెర, రంగు కాయితాలు చాలు.