చప్పుడు నీటిది కాదు, గాలిది
ఇంటి ఆక్వేరియం ఓవర్‌ఫ్లో గొట్టాల విశేషాలు

ఆక్వేరియం కాస్త పెద్దదైతే వడపోత సామగ్రినంతా అందులోనే ఇరికించరు. కింద అల్మరాలో ఇంకో తొట్టి పెడతారు, దాన్ని సంపు అంటారు. పైతొట్టిలో నీళ్లు ఒక అంచు దాటి వెనకనున్న చిన్న గదిలో పడి, అక్కడి గొట్టంలోకి దిగి సంపులో పడతాయి. అక్కడ వడగట్టుకుపోయాక మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. ఏర్పాటు చాలా మంచిది. చిక్కల్లా చప్పుడుతోనే. రాత్రి ఇల్లు సద్దుమణిగాక హాల్లోంచి గురగుర, బుడబుడ మొదలవుతుంది. అది పడలేక కొందరు రాత్రిపూట మోటారు ఆపేస్తారు. ఆ పని చేయకండి. వడపోత సామగ్రిని అంటిపెట్టుకుని బతికే బ్యాక్టీరియా చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను విరగ్గొట్టి నీటిని బాగుచేస్తుంది. దానికి పారే నీటితోనే ఆక్సిజన్ అందాలి. పారుదల గంటల తరబడి ఆగితే ముందు దెబ్బతినేది ఆ బ్యాక్టీరియా, ఆ తర్వాత చేపలు. మోటారు జోలికి పోకుండా చప్పుడొక్కదాన్నే ఆపే దారులున్నాయి. వాటి వెనక భలే సంగతులూ ఉన్నాయి.

బకెట్లో పడ్డ బొట్టు

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చెప్పే అనురాగ్ అగర్వాల్ బ్రెజిల్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో దిగారు. ఆ ఇంటి కప్పు కారుతోంది. కింద పెట్టిన బకెట్లో బొట్లు పడే టప్ టప్ శబ్దానికి ఆయనకు నిద్ర పట్టలేదు. తిరిగి వెళ్లాక హైస్పీడ్ కెమెరా, మైకు, నీటిలో పెట్టే మైకు అన్నీ అమర్చి ఆ బొట్టు సంగతి తేల్చారు. ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. బొట్టు నీటిని తాకినప్పుడు చప్పుడు దాదాపు ఉండదు. బొట్టు చేసిన గుంట మూసుకుపోయే క్షణాన దాని అడుగున చిన్న గాలిబుడగ చిక్కుకుంటుంది. ఆ బుడగ కంపించి, దాంతోపాటు పైనున్న నీటి పొరను కూడా ఆడిస్తుంది. మనకు వినిపించే టప్ అదే. నీటిలో కాస్త అంట్లు తోమే సబ్బు కలిపితే బుడగ చిక్కదు, శబ్దమూ రాదు. (చేపల తొట్టిలో మాత్రం సబ్బు చుక్క కూడా పడకూడదు.)

బుడగ పాడుతుందన్న సంగతి అంతకుముందే తెలుసు. డచ్ ఖగోళ శాస్త్రవేత్త మార్సెల్ మిన్నార్ట్ 1933లో సెలయేటి శబ్దం మీద ఒక వ్యాసం రాశారు. బుడగ ఎంత చిన్నదైతే దాని స్వరం అంత హెచ్చుగా ఉంటుందని అందులో లెక్క కట్టి చూపించారు. 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ సెకనుకు సుమారు 3,260 సార్లు కంపిస్తుంది. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా పట్టేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలనే. అంటే తొట్టి గొట్టంలో పుట్టే ఆవగింజంత బుడగలు సరిగ్గా మన చెవికి బాగా తగిలే స్వరంలోనే మోగుతాయి. టీవీ చప్పుడుకు నిద్రపోయేవాళ్లకు కూడా ఆక్వేరియం చప్పుడుకు మెలకువ రావడంలో వింతేమీ లేదు. గొట్టంలోకి గాలి పోకుండా చూస్తే ముప్పాతిక వంతు పని అయిపోయినట్టే. మిగతా విశేషాలన్నీ ఆ గాలి చుట్టూ తిరిగేవే.

సుడి ఎటు తిరుగుతుంది?

గొట్టం మూతి నీటిమట్టానికి దగ్గరగా ఉంటే పైన చిన్న సుడి పడుతుంది. దాని నడిమి బొక్కలోంచి గాలి జుర్రుమంటూ లోపలికి పోతుంది. భూమి తిరగడం వల్లే సుడి ఒకవైపు తిరుగుతుందని బడిలో విన్నవాళ్లుంటారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆషర్ షాపిరో 1962లో దీన్ని పరీక్షించి చూశారు. దాదాపు ఆరడుగుల వెడల్పున్న గుండ్రటి తొట్టిలో నీళ్లు నింపి, ఒక రోజంతా కదలకుండా ఉంచి, అప్పుడు అడుగు బిరడా తీస్తే సుడి అపసవ్యంగా తిరిగింది. అంత నిశ్చలంగా ఉంచితే తప్ప భూభ్రమణం పని కనబడదు. మోటారు నడిచే తొట్టిలో సుడి ఎటు తిరగాలో నిర్ణయించేది మోటారు ధార, చేపల కదలికే. సుడిని ఆపడం సులువు. గొట్టం పైన ఎల్బో బిగించి దాని మూతిని కిందికి తిప్పితే చాలు, నీళ్లు మట్టానికి దిగువ నుంచి లోపలికి వస్తాయి.

అమెరికన్ అభిరుచిపరుడు రిచర్డ్ డుర్సో 1990ల చివర్లో చేసిన ఏర్పాటు ఇదే. నిలువు గొట్టం, పైన ఒక టీ (T ఆకారపు అతుకు), పక్కకు కిందిచూపు ఎల్బో, టీ నెత్తిన మూత, ఆ మూతకు ఒక చిన్న బెజ్జం. ప్రాణమంతా ఆ బెజ్జంలోనే ఉంది. బెజ్జం లేకపోతే గొట్టం ఉన్నట్టుండి నిండుగా లాగేస్తుంది, గదిలో నీళ్లు అయిపోతాయి, గాలి మింగుతుంది, ఆగుతుంది, గది నిండాక మళ్లీ లాగుతుంది. కొద్దికొద్ది సేపటికి ఎవరో ఫ్లష్ నొక్కినట్టు వినిపిస్తుంది. బెజ్జం మరీ పెద్దదైతే గాలి ఎక్కువై గురగుర తిరిగి మొదలవుతుంది. అందుకే సన్నగా మొదలుపెట్టి, విని, కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి.

అలుగు పొడవు పెంచితే

చెరువుకు అలుగు ఎలాగో తొట్టికి ఓవర్‌ఫ్లో అంచు అలాగ. అలుగు మీద నీళ్లు ఎంత మందాన దూకుతాయో లెక్కగట్టే సూత్రం అమెరికాలోని లోవెల్ మిల్లుల కాలువల ఇంజినీరు జేమ్స్ ఫ్రాన్సిస్‌ది. ఆయన ప్రయోగాలు 1855లో పుస్తకంగా వచ్చాయి. ఆనకట్టల కోసం పుట్టిన ఆ లెక్కను చేపల తొట్టికి వేసి చూడండి. గంటకు 3,000 లీటర్ల మోటారు, అంచు పొడవు 30 సెంటీమీటర్లు అయితే నీటి పొర సుమారు 13 మిల్లీమీటర్ల మందంగా దాటుతుంది. అదే అంచును తొట్టి వెనక గోడ పొడవునా 120 సెంటీమీటర్లకు సాగదీస్తే పొర 5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. పలచటి పొర గాజు గోడను అంటుకుని జారుతుంది, దూకదు. వెనక గదిలో నీటిమట్టం అంచుకు రెండు మూడు అంగుళాల లోపే ఉంచితే జలపాతం చప్పుడు దాదాపు పోతుంది.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. తొట్టి నీటి మీద కొవ్వు, ప్రొటీన్లతో పలచని నూనెలాంటి తెట్టె కడుతుంది. పొర ఎంత పలచగా దాటితే ఆ తెట్టె అంత బాగా కొట్టుకుపోతుంది. నీటి పైభాగం శుభ్రంగా ఉంటే ఆక్సిజన్ కూడా బాగా కలుస్తుంది.

నిండు గొట్టానికి నోరు పెగలదు

నిలువు గొట్టంలో నీళ్లు సగం సగంగా దిగేటప్పుడు గోడకు అంటుకుని జారతాయి, నడుమ గాలి ఉంటుంది. ఆ గాలిని నీళ్లు తమతో ఈడ్చుకుపోయి సంపులో బుడగలుగా కక్కుతాయి. గొట్టం పూర్తిగా నిండి పారితే గాలికి చోటే ఉండదు. దీన్ని ఆక్వేరియం వాళ్లు ఫుల్ సైఫన్ అంటారు. దాని సత్తా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి లెక్క ప్రకారం సెకనుకు 3.8 మీటర్ల వేగం రావాలి. రాపిడికీ మలుపులకూ సగం పోయిందనుకున్నా, ఒక అంగుళం గొట్టం గంటకు 3,000 లీటర్లకు పైగా లాగేస్తుంది.

ఇక్కడే అసలు తంటా. గొట్టం మోటారు కన్నా ఎక్కువ లాగితే గాలి మింగి మళ్లీ చప్పుడు చేస్తుంది. కాబట్టి దానికి గేట్ వాల్వ్ పెట్టి బిగించాలి. బాల్ వాల్వ్ పనికిరాదు. దాని పిడి పావు చుట్టు తిప్పితే మొత్తం తెరుచుకుంటుంది, వెంట్రుకవాసి సర్దుబాటు దానితో కుదరదు. ఇక మరీ బిగిస్తే నీటిమట్టం పెరుగుతుంది. మట్టం పెరిగితే ఒత్తిడి పెరిగి గొట్టమే ఎక్కువ లాగదా అనిపించవచ్చు. లాగుతుంది, కానీ అది ఏ మూలకూ చాలదు. 75 సెంటీమీటర్లు 80 అయినా ప్రవాహం పెరిగేది నూటికి మూడు వంతులే. అందుకే రెండో గొట్టం తప్పనిసరి. దీన్ని హెర్బీ పద్ధతి అంటారు. ఒకటి వాల్వుతో నిండుగా పారేది, రెండోది కాస్త ఎత్తులో అత్యవసరానికి ఖాళీగా ఉండేది.

బీన్ యానిమల్ అనే మారుపేరుతో పేరుపడ్డ అభిరుచిపరుడు దీనికి మూడోది జోడించారు. మొదటి గొట్టం నిండు సైఫన్. రెండోది వాల్వ్ లేకుండా, మిగిలిన కాసిని నీళ్లను గోడవెంట మెల్లగా దించేది. మూడోది ఎండుగా ఉండే కాపలా. రెండో గొట్టం నెత్తి నుంచి ఒక సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తెచ్చి, దాని కొసను మామూలు నీటిమట్టానికి కొంచెం పైన ఉంచుతారు. మొదటి గొట్టం ఏ కారణంగానో పూడుకుపోయిందనుకోండి, మట్టం పెరిగి ఆ ట్యూబు కొస మునుగుతుంది. గాలి అందక రెండో గొట్టం తనంతట తానే నిండు సైఫన్‌గా మారి భారమంతా ఎత్తుకుంటుంది. కరెంటు లేదు, సెన్సర్ లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. నా మట్టుకు నాకు ఈ మొత్తం విద్యలో అన్నిటికన్నా అందమైన ఆలోచన ఈ సన్నటి ట్యూబే.

మోటారు ఆన్ చేసిన తొలి నిమిషం దగ్గర నిలబడి చూడాల్సిందే. ముందు వెనక గది నిండుతుంది. గొట్టం గుటకలు వేస్తుంది, సంపులో పెద్ద పెద్ద బుడగలు పొర్లుకొస్తాయి. నీటిమట్టం ఇంకాస్త ఎక్కి రెండో గొట్టంలోకి చేరుతుంది. బుడగలు చిన్నవై, తెల్లటి నురగలా మారి, ఒక్కసారిగా తెగిపోతాయి. అదిగో, అప్పుడు గొట్టం నిండినట్టు. ఇక గేట్ వాల్వును కాస్త కాస్త తిప్పుతూ, ప్రతిసారీ మట్టం కుదురుకునేదాకా ఆగి, రెండో గొట్టంలోకి సన్నటి ధార మాత్రమే పోయేలా నిలపాలి. బుడగలు ఎంతకీ తెగకపోతే సంపులో గొట్టం కొస చూడండి. అది నీటిలో ఓ అంగుళానికి మించి మునిగి ఉంటే లోపలి గాలిని తోసెయ్యడానికి పైనుంచి వచ్చే నీటికి బలం చాలదు, సైఫన్ అందుకోదు.

వసుదేవుడి గిన్నె, వనపర్తి జలాశయం

నీటిమట్టం ఒక హద్దు తాకగానే తనంతట తాను లాగేసే సైఫన్ మన దేశంలో బొమ్మగా కూడా ఉంది. లోహపు గిన్నె మధ్యలో బాలకృష్ణుణ్ణి మోస్తున్న వసుదేవుడు ఉంటాడు. గిన్నెలో నీళ్లు పోస్తూ పోతే, అవి కృష్ణుడి పాదం తాకగానే అడుగు నుంచి మొత్తం ఖాళీ అయిపోతాయి. యమున దారి ఇచ్చిన కథను బొమ్మలో దాచిన వంపు గొట్టం ఆడి చూపిస్తుందన్నమాట.

అదే సూత్రంతో ఏకంగా జలాశయమే కట్టారు వనపర్తిలో. మదనాపురం దగ్గరి సరళాసాగర్‌కు వరద వస్తే గేట్లెత్తే పని లేదు. మట్టం నిండగానే సైఫన్లు వాటంతటవే అందుకుని మిగులు నీటిని కిందికి వదులుతాయి, మట్టం తగ్గి గాలి చొరబడగానే ఆగిపోతాయి. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు మీద తలపెట్టిన ఈ ప్రాజెక్టు 1959లో పూర్తయింది. 2019 డిసెంబరు 31న మట్టికట్టకు గండి పడితే తర్వాత తిరిగి కట్టారు. సైఫన్లు పారే రోజుల్లో వీలుంటే వెళ్లి చూడండి.

కరెంటు పోతే?

మోటారు ఆగగానే పైనీళ్లు రెండు దారుల్లో కిందికి వస్తాయి. ఓవర్‌ఫ్లో అంచుకు పైనున్నవి గొట్టంలోంచి దిగుతాయి. నీళ్లు పైకి తోసే గొట్టం కూడా వెనక్కి సైఫన్ అయి లాగుతుంది, దాని మూతికి గాలి తగిలేదాకా ఆగదు. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న తొట్టిలో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 5.4 లీటర్లు. ఆ మూతి 3 సెంటీమీటర్ల లోతున ఉంటే 16 లీటర్లు దిగుతాయి. 15 సెంటీమీటర్ల లోతున ఉంటే 81 లీటర్లు! సంపులో అంత ఖాళీ లేకపోతే మిగతాది హాల్లోకే. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ (ఎన్‌ఆర్‌వీ) బిగించాం కదా అని ధీమాగా ఉండకండి. దాని రెక్క కింద ఒక నత్తగుల్ల ఇరుక్కున్నా అది మూసుకోదు. మూతిని పైకి తేవడమే నికరమైన జాగ్రత్త.

కొనేటప్పుడు కనిపెట్టాల్సినవి

గట్టిపరిచిన గాజుకు (టఫెన్డ్ అంటారు) రంధ్రం పడదు. డ్రిల్లు తగిలితే పలక మొత్తం పొడిపొడి అవుతుంది. గాజు ఎలాంటిదో దుకాణంలో ముందే అడిగి తెలుసుకోవాలి. మామూలు గాజుకైతే డైమండ్ పూత ఉన్న హోల్ సా పెట్టి, నీళ్లు పోస్తూ, ఒత్తకుండా దాని బరువు మీదే దిగనివ్వాలి. ఇత్తడి గేట్ వాల్వ్ వద్దు, పీవీసీదే తీసుకోండి. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలకూ నత్తలకూ రాగి విషం.

అత్యవసర గొట్టానికి జాలీ పెట్టకండి. జాలీకి ఆకు అడ్డం పడితే ఆ గొట్టం ఉండీ లేనట్టే. బిగించిన రోజునే ప్రధాన గొట్టాన్ని అరచేత్తో మూసి, కాపలా గొట్టం ఒక్కటే మోటారు పోసే నీళ్లన్నీ మొయ్యగలదో లేదో కళ్లారా చూసుకోవాలి. అప్పుడది పెద్దగా గురగురలాడుతుంది. ఆ చప్పుడు మంచిదే, ప్రధాన గొట్టం పూడుకుపోయిందని ఇంట్లోవాళ్లకు చెప్పేది అదొక్కటే. కొన్ని నెలలకోసారి వాల్వును పూర్తిగా తెరిచి, లోపల పేరుకున్న పాచిని నీళ్లతో కొట్టుకుపోనిచ్చి, మళ్లీ మొదటి నుంచి సర్దుకోండి.