మన్యం ఓటు మారదన్న మాటలో నిజమెంత?

ఎన్నికల ఫలితాలు వచ్చినప్పుడల్లా ఆంధ్రప్రదేశ్‌లోని మన్యం, అంటే కొండల గిరిజన ప్రాంతం, ఓటు గురించి మైదానంలో కూర్చుని తేల్చేసే మాటలు కొన్ని ఉన్నాయి. 2019, 2024 లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే వాటిలో చాలావరకు నిలబడవు.

అపోహ: 2024లో రాష్ట్రమంతా మారినా అరకు మారలేదు.

వాస్తవం: లోక్‌సభ సీటు వైఎస్సార్‌సీపీకే దక్కడంతో అలా అనిపిస్తుంది. 2019లో గొడ్డేటి మాధవి మెజారిటీ 2,24,089. 2024లో గుమ్మ తనూజారాణి మెజారిటీ 50,580. లక్షా డెబ్బై వేలకు పైగా ఆధిక్యం కరిగిపోయింది. పక్కనే విశాఖలో 2019లో వైఎస్సార్‌సీపీ 4,414 ఓట్లతో గట్టెక్కగా, 2024లో టీడీపీ అభ్యర్థి శ్రీభరత్ 5,04,247 ఓట్ల మెజారిటీతో గెలిచారు. నగరమూ కొండా ఒకే వైపు జరిగాయి, జరిగిన దూరమే వేరు. సీటు ఎవరిదన్నది మాత్రమే చూసేవారికి ఈ కదలిక కనబడదు. అమెరికాలోనూ అంతే. పల్లెలు ట్రంప్‌వి, నగరాలు డెమోక్రాట్లవి అనుకునేవారు న్యూయార్క్ నగరాన్ని చూడాలి. అక్కడ గెలిచింది డెమోక్రాట్లే అయినా, 2020లో సుమారు 23 శాతం ఉన్న ట్రంప్ ఓటు 2024లో 30 శాతానికి చేరింది.

అపోహ: అరకు ఎంపీ ఫలితమంటే కొండల తీర్పే.

వాస్తవం: ఆ నియోజకవర్గంలో ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి. పాలకొండ, పార్వతీపురం వైపు మైదాన గ్రామాల ఓట్లూ అందులోనే కలుస్తాయి. 2024లో ఏడింటిలో ఐదు టీడీపీ, జనసేన, బీజేపీల కూటమి గెలుచుకుంది. వైఎస్సార్‌సీపీకి మిగిలినవి అరకు, పాడేరు మాత్రమే. అలాగని కొండలన్నీ ఒకటే అనలేం. రంపచోడవరం కూడా ఏజెన్సీయే (మన్యం ప్రాంతమే), అక్కడ టీడీపీ గెలిచింది. లోక్‌సభకు కూటమి తరఫున బీజేపీ గుర్తు మీద అభ్యర్థి నిలవడం వల్లే ఓడారని కొందరి వాదన. అదొక్కటే కారణమైతే, పాడేరులో టీడీపీ సైకిల్ గుర్తు మీద నిలిచిన గిడ్డి ఈశ్వరి ఎందుకు ఓడినట్టు?

అపోహ: గిరిజనులు పార్టీని కాదు, మనిషిని చూసి ఓటేస్తారు.

వాస్తవం: ఈశ్వరి 2014లో వైఎస్సార్‌సీపీ తరఫున అదే పాడేరులో గెలిచారు. 2024లో బీజేపీ తరఫున ఓడిన కొత్తపల్లి గీత కూడా 2014లో వైఎస్సార్‌సీపీ నుంచి గెలిచిన ఎంపీయే. 2009లో అరకు లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచిన కిశోర్ చంద్రదేవ్, 2019లో టీడీపీలోకి వచ్చి నిలబడితే రెండు లక్షల పైచిలుకు తేడాతో ఓడారు. నాయకులు పార్టీ మారితే ఓటర్లు వెంట నడవలేదు.

అపోహ: ప్రభుత్వం ఎవరిదైతే కొండ ఓటు వారిదే.

వాస్తవం: అరకు అసెంబ్లీ స్థానాన్ని చూడండి. 2009లో రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం వస్తే ఇక్కడ టీడీపీ నుంచి సివేరి సోమ గెలిచారు. 2014లో టీడీపీ ప్రభుత్వం వస్తే వైఎస్సార్‌సీపీ అభ్యర్థి కిడారి సర్వేశ్వరరావు గెలిచారు. 2024లో కూటమి గాలి వీచినా గెలుపు వైఎస్సార్‌సీపీదే. ప్రభుత్వంతో పాటు నిలిచింది 2019లోనే. ఓటులోనే కాదు, నిరసనలోనూ అంతే: చింతపల్లి బాక్సైట్ తవ్వకాల కోసం 2015లో 97వ నంబరు జీవో వచ్చినప్పుడు, బోయ-వాల్మీకులను ఎస్టీల్లో చేర్చాలని 2023లో అసెంబ్లీ తీర్మానించినప్పుడు మన్యం రోడ్డెక్కింది. జీవో ఒక పార్టీ హయాంలోది, తీర్మానం మరో పార్టీ హయాంలోది. భూమి, అడవి, రిజర్వేషన్ల జోలికొస్తే ఏజెన్సీ ఏ ప్రభుత్వాన్నీ ఊరికే వదలదని నా నమ్మకం.

అపోహ: కొండల్లో ఓటు వేయరు, వేసినా తెలియక నోటా నొక్కుతారు.

వాస్తవం: 2024లో భద్రతా కారణాలతో అరకు, పాడేరు, రంపచోడవరంలో సాయంత్రం 4 గంటలకే పోలింగ్ ముగించారు. అయినా అరకు లోక్‌సభలో పోలింగ్ 73 శాతం దాటింది, విశాఖది 71 దగ్గర ఆగింది. ఇక అరకులో నోటాకు పడినవి దాదాపు 50 వేలు, అంటే గెలిచిన మెజారిటీకి ఇంచుమించు సమానం. గుర్తులు తెలియకే అలా నొక్కారని అనేవారు అదే యంత్రం మీద వచ్చిన ఇంకో లెక్క కూడా చూడాలి. ప్రధాన పోటీలో లేని సీపీఎం అభ్యర్థి అప్పలనర్సకు అక్కడ లక్షకు పైగా ఓట్లు పడ్డాయి.