హలీముకై నగరయాత్ర

రంజాన్ మాసము వచ్చినదనగానే జిల్లాల నుండి హైదరాబాదుకు బయలుదేరువారు గలరు. పండుగ బట్టలు పైకి చెప్పు కారణము. అసలు కారణము హలీము. మన ఊరిలో గోధుమ లేదా? మాంసము లేదా? హలీము దుకాణములును అక్కడక్కడ వెలిసినవి. మరి ఇంత దూరమేల?

దీనిలో రుచికంటె ముందు ఒక లెక్క ఉన్నది. మాంసము, గోధుమలు, పప్పులు పెద్ద దేగులో, భట్టీపై, సన్నని సెగను పది పన్నెండు గంటలు ఉడకవలెను. అన్నియు కలిసి ఒకే ముద్ద యగువరకు కొయ్య ఘోట్నీలతో మెదపవలెను. ఇంత శ్రమించి దించినది ఆ రాత్రియే చెల్లిపోవలెను. వందలమంది ఒక్కసారిగా చేరు చోటనే ఇది సులభసాధ్యము. నగరము మనకిచ్చునది పాకరహస్యము కాదు, జనసమూహము.

నిజమునకు ఈ వంటకము నగరమునకును అతిథియే. అరబ్బుల హరీసు దీనికి మూలమందురు. నిజాం సైన్యమున చేరిన హద్రమౌత్ అరబ్బుల వంశీయులు నేటికిని బార్కస్‌లో నివసించుచున్నారు. హైదరాబాదీ హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఒకసారి మేమును వెళ్లితిమి. మగ్రిబ్ వేళకు బస్సులోనే ఖర్జూరముతో రోజా విరమించితిమి. తరువాత వరుసలో నిలిచి తిన్న హలీము అద్భుతముగనే యుండెను. కాని ఇంట దస్తర్‌ఖాన్‌పై మా చోటు ఆనాడు ఖాళీ. అమ్మ ఫిర్నీ గిన్నె మూతపెట్టి ఉంచినది.

వెళ్లువారు వెళ్లవచ్చును. సహరీ వేళకు ఒక డబ్బాతో ఇల్లు చేరుట మాత్రము మరువరాదు.