‘బోర్డు’ – బల్ల

ఆంగ్లమున ‘బోర్డు’ అనగా మొదట కొయ్యపలక. పలకలతో చేసిన భోజనపు బల్లకును, పిమ్మట దానిపై వడ్డించు భోజనమునకును అదియే పేరైనది. విద్యార్థులకు తిండి, వసతి సమకూర్చు పాఠశాల ‘బోర్డింగు స్కూలు’ అగుట ఇందువలననే. బల్లచుట్టును కూర్చుండి ఆలోచన చేయు సమితియు బోర్డే. 1786లో మద్రాసున ఏర్పడిన రెవెన్యూ బోర్డు అట్టిది. ఓడ పార్శ్వమునకును ఈ పేరు కలదు.

తెలుగు ‘బల్ల’ పలకకును, ఆసనమునకును చెల్లును. ఏటిని దాటించు బల్లకట్టులోను నిలిచినది. కాని అది భోజనమును గాని, సభను గాని తెలుపదు. కావున వసతి భోజనములను తెలుపు ‘బెడ్ అండ్ బోర్డు’ అను పలుకుబడికి అనువాదకుడు ‘మంచము, బల్ల’ అని వ్రాసినచో అతిథి పస్తుండవలసినదే. నిఘంటువు అర్థములను చూపును. వానిలో తగినదానిని ఏర్పరచునది సందర్భము.