హార్డ్ డిస్కుకు అంటు కట్టడం

(బి.యస్సీ., తృతీయ సంవత్సరం)

ఇది కంప్యూటర్ యుగమని ప్రతి సభలోనూ వింటూనే ఉన్నాం. కానీ ఆ కంప్యూటర్లో మన రాతకోతలన్నీ దాచుకునే హార్డ్ డిస్కు ఎన్నాళ్ళు బతుకుతుందో ఎవరూ చెప్పరు. ప్రాజెక్టు రిపోర్టులు, ఇంటి లెక్కలు, పెళ్ళి ఫోటోలు అన్నీ అరచేతిపాటి పెట్టెలో పెట్టి నిశ్చింతగా ఉంటున్నాం. అది ఒకనాడు టక్‌టక్‌మని చప్పుడు మొదలెడితే గానీ గుండె గుభేలుమనదు. ఆ రోజు రాకముందే డిస్కునంతటినీ ఉన్నదున్నట్టు మరో డిస్కులోకి దించుకోవచ్చు. దాన్నే క్లోనింగ్ అంటారు. దాన్ని గురించి తోటి విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాయలా? చెట్టా?

నిజానికి 'క్లోన్' అనే మాట కంప్యూటర్ వాళ్ళది కాదు, మన రైతులది. గ్రీకు భాషలో రెమ్మ అని అర్థమిచ్చే మాట నుంచి, అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన హెర్బర్ట్ వెబ్బర్ 1903లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. మా ఉద్దానంలో జీడిపిక్క నాటితే వచ్చే చెట్టు తల్లిలాగే కాస్తుందన్న పూచీ లేదు. అదే అంటు కడితే, వేరు వేరే మొక్కదైనా కాపు మాత్రం తల్లిచెట్టుదే. హార్డ్ డిస్కు సంగతీ అంతే. ఇనుపపెట్టె కొత్తది, అందులో పెరిగేది పాతదే.

'ఫైళ్ళన్నీ పెన్ డ్రైవులోకి కాపీ చేసుకుంటే చాలదా?' అని కొందరు అడుగుతారు. అది కాయలు కోసుకు రావడం వంటిది. కాయలు వస్తాయి, చెట్టు రాదు. విండోసో, లైనక్సో, మనం కష్టపడి ఎక్కించుకున్న ప్రోగ్రాములూ, వాటి అమరికలూ అలా కాపీ చేస్తే పనికిరావు.

కారణం డిస్కు నిర్మాణంలో ఉంది. డిస్కును ఒక పొలం అనుకుందాం. అందులో 512 బైట్ల చొప్పున (కొత్త వాటిలో 4096) సెక్టార్లనే చిన్న చిన్న మడులుంటాయి. పాత పద్ధతి డిస్కులో మొట్టమొదటి సెక్టారు చాలా ముఖ్యం. అందులో 446 బైట్లు యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రాముకు, 64 బైట్లు ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు కేటాయించారు. మన అడంగల్ లాంటిదన్నమాట. 1983 నాటి ఈ ఏర్పాటు 2 టెరాబైట్లకు మించిన డిస్కును కొలవలేదు. అందుకే జి.పి.టి. అనే కొత్త పట్టిక వచ్చింది. ఇది ముందుచూపు గలది, తన రెండో ప్రతిని డిస్కు చివర కూడా దాచుకుంటుంది. ఈ పట్టికలేవీ ఫైళ్ళ కాపీలో రావు, క్లోనింగ్‌లో వస్తాయి.

బయటి డిస్కు ఎందుకు?

నడుస్తున్న బండికి చక్రం మార్చలేం. విండోస్ నడుస్తున్నంతసేపూ తన డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. మనం మొదటి మడి కొలిచి చివరి మడికి వెళ్ళేసరికి మొదటిది మారిపోతుంది. కనుక ఆ డిస్కును నిద్రపుచ్చి, వేరే డిస్కుతో కంప్యూటర్ను లేపడమే తేలిక పద్ధతి. అదే బూటబుల్ డిస్కు. సీడీ నుంచి కంప్యూటర్ను లేపే పద్ధతిని 1995లో ప్రామాణికం చేశారు. ఇప్పుడు పెన్ డ్రైవు ఆ పని చేస్తోంది.

క్లోనింగ్‌కు ఒకప్పుడు న్యూజిలాండ్‌లో పుట్టిన 'ఘోస్ట్' పేరుమోసింది. దాన్ని 1998లో సిమాంటెక్ కంపెనీ కొనుక్కుంది. మనకు పైసా ఖర్చు లేకుండా దొరికేది తైవాన్‌లో తయారైన 'క్లోన్‌జిల్లా'.

పని జరిగే తీరు

1. క్లోన్‌జిల్లాను దింపుకుని 'రూఫస్' వంటి సాధనంతో పెన్ డ్రైవులోకి ఎక్కించాలి. పెన్ డ్రైవులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి గనుక ముందే ఖాళీ చేసుకోవాలి.

2. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ నంబరు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత విండోస్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయాలి.

3. కొత్త డిస్కును లోపల గానీ, యూ.ఎస్.బి. కేబులుతో బయట గానీ తగిలించాలి.

4. కంప్యూటర్ వేస్తూనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో ఆ కంపెనీ పెట్టిన మీట నొక్కి పెన్ డ్రైవును ఎంచుకోవాలి.

5. 'డివైస్ – డివైస్' పద్ధతి తీసుకుని ముందు మాతృకను, తర్వాత ప్రతిని చూపించాలి.

ప్రాణమంతా ఈ అయిదో మెట్టులోనే ఉంది. ఇక్కడ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంటుంది. అప్పుడిక ఏటి సేసినా లాభం లేదు. కాబట్టి రెండు డిస్కుల సైజులూ, సీరియల్ నంబర్లూ ముందే చీటీ మీద రాసుకుని సరిచూసుకోవాలి. క్లోన్‌జిల్లా ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. ఆ అడగడాన్ని విసుగనుకోకూడదు.

పని అయ్యాక పాత డిస్కు తీసేసి కొత్తదానితో లేపి చూడాలి. రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది గనుక రెంటినీ తగిలించి విండోస్‌ను లేపితే అది తికమక పడుతుంది.

సెంటు తక్కువైనా కుదరదు

కొత్త డిస్కు పాతదానికి సమానంగానో, పెద్దదిగానో ఉండాలి. పలాసలో మా మావయ్య లెక్కలు రాసే జీడి కార్ఖానాలో పాత కంప్యూటర్ మూలగడం మొదలెట్టింది. రైతులకు ఇవ్వాల్సిన పిక్కల బాకీలూ, ఆడకూలీల పనిలెక్కలూ అందులోనే ఉన్నాయి. అవి పోతే ఎవరికెంత ఇవ్వాలో తేల్చే దారే లేదు. పాత డిస్కు 500 జి.బి., మావయ్య తెచ్చిన ఎస్.ఎస్.డి. 480 జి.బి. నిండినది 90 జి.బి.యే అయినా కొత్తది చిన్నదని క్లోన్‌జిల్లా ఒప్పుకోలేదు. దాన్ని 512కు మార్చి తెచ్చాక పని సాఫీగా జరిగింది. నిండిన మడులనే మోస్తుంది గనుక సెకనుకు 100 ఎం.బి. చొప్పున 90 జి.బి.కి పావుగంట లెక్క. 500 జి.బి. మొత్తం మోయాల్సి వస్తే గంటన్నరకు దగ్గర పడుతుంది.

మధ్యలో కరెంటు పోతే? మన పల్లెల్లో రాదగ్గ ప్రశ్నే. పాత డిస్కు మీద ఏమీ రాయడం లేదు, చదవడమే గనుక అందులోది చెదరదు. మళ్ళీ మొదటినుంచి చేసుకోవడమే.

డిస్కు అప్పటికే జబ్బుపడి ఉంటే క్లోన్‌జిల్లా కంటే 'డీడీరెస్క్యూ' మేలు. అది మంచి మడులను ముందు కోసి, చెడ్డవాటి దగ్గరకు చివర్లో వెళుతుంది. ఎంతవరకు వచ్చిందో రాసి పెట్టుకుంటుంది గనుక ఆపినా అక్కడినుంచే సాగుతుంది. గట్టిగా టక్‌టక్‌మంటున్న డిస్కును మాత్రం వెంటనే ఆపి నిపుణులకు చూపించాలి. తిప్పినకొద్దీ దెబ్బ పెరుగుతుంది.

అంటు కట్టినంతమాత్రాన...

క్లోన్‌లో తల్లి గుణాలే కాదు, తల్లి తెగుళ్ళూ వస్తాయి. వైరస్ ఉంటే వైరస్ కూడా దిగుతుంది. నిన్న చెరిపేసిన ఫైలు ఈరోజు కట్టిన క్లోన్‌లో కనిపించదు. పైగా అది కట్టిన రోజుదే, రేపటి లెక్కలు అందులో ఉండవు. అందుచేత అప్పుడప్పుడు మళ్ళీ తీస్తూ ఉండాలి. డబ్బిచ్చి కొన్న విండోస్‌ను మరో యంత్రంలోకి క్లోన్ చేస్తే దానికీ వేరే లైసెన్సు కావాలన్నది మరువరాదు.

ఇంకొక్క మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తోట మళ్ళీ వేసుకోవచ్చు, కాపుకు ఏళ్ళు పడుతుంది. తడిసి పాడైన డిస్కులోని లెక్క మాత్రం ఎన్నేళ్ళకూ మళ్ళీ మొలవకపోవచ్చు. మాతృకనూ ప్రతినీ ఒకే బల్ల సొరుగులో పెడితే ఒకే వాన రెండింటినీ తీసుకుపోతుంది. ప్రతిని వేరే ఊళ్ళో, అయినవాళ్ళ ఇంట్లో ఉంచడం ఉత్తమం.

రైతు విత్తనాన్ని తిండిగింజలతో కలిపి ఉంచడు. మన కంప్యూటర్ చదువులకు ఆ పాత తెలివి తోడైతే పోయేదాన్ని చాలామటుకు పోకుండా ఆపుకోగలం.