టైమింగ్ చైన్‌కు ఆయిలే ప్రాణం

గిర్నీలు మూతపడ్డాక మన సోలాపూర్ పేటల్లో చాలామంది పోరగాళ్ళు కారు స్టీరింగ్ పట్టుకున్నారు. అప్పు చేసి పాత కారు కొని కిరాయికి తిప్పుతున్నారు. వాళ్ళు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది: "కాకా, టైమింగ్ చైన్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలె?"

మగ్గం తెలిసినోళ్ళకు ఈ సంగతి సులువు. మన పవర్‌లూమ్‌లో పైన క్రాంకు షాఫ్టు 2 చుట్లు తిరిగితే కింది షాఫ్టు 1 చుట్టు తిరుగుతది. ఆ లెక్క తప్పి, నాడె దాటకముందే పడుగు మూసుకుంటే ఏమైతదో మీకు తెలుసు. నాడె నడుమ ఇరుక్కుంటది, పోగులు కుప్పగా తెగుతయి. కారు ఇంజన్‌లోనూ అదే లెక్క. కింద క్రాంకు 2 చుట్లు, పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు 1 చుట్టు. ఆ రెంటినీ కలిపి ఉంచేదే టైమింగ్ చైన్. అది పళ్ళు జారినా, తెగినా చాలా ఇంజన్లలో పిస్టన్ పోయి వాల్వులకు కొట్టుకుంటది. వాల్వులు వంగుతయి.

కొన్ని బండ్లలో చైన్ ఉండదు, రబ్బరు బెల్టు ఉంటుంది. పాత మారుతి 800లో బెల్టే. రబ్బరు బండి నిలబడి ఉన్నా ఎండి పగులుతుంది. అందుకే బెల్టును కారు పుస్తకంలో రాసిన కిలోమీటర్లకో, ఏళ్ళకో తప్పకుండా మార్చాలె. చైన్ ఇనుముది. దానికి చాలా కంపెనీలు ఇన్ని కిలోమీటర్లని గడువు పెట్టవు. అంటే చూడనక్కర లేదని కాదు. చైన్ ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా చాలా బండ్లలో ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తది. ఆయిల్ తగ్గినా, మురికైనా పిన్నులు అరుగుతయి. ఒక్కో లింకు వెంట్రుకంత అరిగినా మొత్తం చైన్ సాగుతది.

కాబట్టి ఆయిల్ గడువే చైన్ గడువు. మన దగ్గర చాలా చిన్న పెట్రోల్ కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా 1 సంవత్సరం, ఏది ముందైతే అది. దుమ్ములో, ట్రాఫిక్‌లో రోజంతా తిరిగే కిరాయి బండికి ఇంకా ముందే మార్చాలె. కారు పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే పోయాలె. వారానికోసారి బండిని చదునుగా నిలిపి, ఇంజన్ ఆపి, కొంచెం ఆగి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ రెండు గీతల నడుమ ఉండాలె.

చైన్ చెడేముందు తరచుగా చెప్పే చెడుతది. పొద్దున చల్లని ఇంజన్ స్టార్ట్ చేయగానే ముందు వైపు గలగలమంటే, రోజురోజుకు ఆ చప్పుడు పెరుగుతుంటే అనుమానించండి. ఇంజన్ లైటు వెలగడం, బండి లాగకపోవడం కూడా గుర్తులే. మా గల్లీలో ఒక పిల్లగాడు ఆ చప్పుడును "పాత బండి కదా" అని నాలుగు నెలలు నడిపిండు. ఒకరోజు రోడ్డు మీద ఇంజన్ ఆగింది. కిరాయిలు ఆగినయి గానీ బ్యాంకు వాయిదాలు ఆగలేదు. ఇంట్లో వాళ్ళమ్మ బీడీలు చుట్టిన పైసలు వాయిదాకే పోయినయి.

చైన్ మార్చేటప్పుడు ఒక్క చైనే వేయించవద్దు. టెన్షనర్, గైడ్లు, పళ్ళ చక్రాలు కూడా చూపించి, అరిగినవన్నీ ఒకేసారి మార్పించండి. విప్పే కూలి రెండుసార్లు ఇచ్చుకోనక్కర లేదు.

పాత కారు కొనబోయే తల్లిదండ్రులకు ఒక మాట. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పోండి. మీ ముందే స్టార్ట్ చేయించి చెవిపెట్టి వినండి. ఆయిల్ పోసే మూత తీసి లోపల నల్లటి జిగట పేరుకుందేమో చూడండి. ఆయిల్ మార్చిన బిల్లులు అడగండి. బిల్లులు లేకపోతే, రంగు ఎంత మెరిసినా బయానా ఇవ్వకండి.