కడుపు చూసే గొట్టానికి కడుగుడు ఎలా?

పెద్దాపురం నుంచి కడుపునొప్పితో కాకినాడకో, రాజమండ్రికో వెళ్ళినవారికి డాక్టరుగారు "ఒకసారి ఎండోస్కోపీ చేయించండి" అనడం ఈ రోజుల్లో మామూలే. ఒకరు తాగిన గ్లాసు కడగందే మనం నోట పెట్టుకోము. మరి నిన్న ఇంకొకరి కడుపులోకి వెళ్ళివచ్చిన గొట్టం మాటేమిటి? దానికి ఎంగిలి ఎలా పోతుంది?

1868లో జర్మనీలో కుస్మాల్ అనే వైద్యుడు కత్తులు మింగే గారడీవాని గొంతులోకి నిటారైన లోహపు గొట్టం దించి కడుపులోకి చూడబోయాడు. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ గాజుపోగులతో వంగే గొట్టం చేయించి, ముందుగా తన గొంతులోకే పంపుకున్నాడు. ఈ విద్యలో తెలుగువారూ వెనుకబడి లేరు. కర్నూలు వైద్యకళాశాలలో చదివి, హైదరాబాదులో దీనికొక పెద్ద సంస్థను నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ్ లభించింది.

కత్తెరలనైతే మరుగుతున్న ఆవిరిలో పెడతారు. ఎండోస్కోపు అంత వేడికి ఆగదు, పాడైపోతుంది. పైగా దాని లోపల గాలికి, నీటికి, పనిముట్లకు సన్నని దారులున్నాయి. పనిముట్ల దారి వెడల్పే సుమారు మూడు మిల్లీమీటర్లు!

అందుచేత పరీక్ష కాగానే, తడి ఆరకముందే పని మొదలుపెట్టాలి. పాలు అడుగంటి ఎండిపోయిన గిన్నె ఒక పట్టాన వదలదని గృహిణులకు తెలియనిది కాదు. గొట్టానికి ఎక్కడైనా చిల్లుపడిందేమో చూసి, లోపలి దారులన్నీ బ్రష్షుతో తోమాలి. ఆ తరువాతే మందునీరు. రెండు శాతం గ్లుటరాల్డిహైడ్ అయితే సాధారణంగా 20 నిమిషాలు నాననివ్వాలి. తోమకుండా ముంచితే మురికి గట్టిపడి అతుక్కుపోతుంది. దాని చాటున క్రిములు దాక్కుంటాయి.

చివరిది ఆరబెట్టడం. తడి జాడీలో ఆవకాయ పెడితే ఏమవుతుందో చెప్పాలా? గొట్టమూ అంతే. మందు పోయేలా నీటితో కడిగి, లోపలికి ఆల్కహాలు, గాలి పంపి, నిలువుగా వేలాడదీయాలి.

ఇంత చేసినా ప్రమాదం జరిగిన సందర్భం ఉంది. 2014-15లో అమెరికాలోని లాస్ ఏంజలస్‌లో, పైత్యరస నాళాన్ని చూసే ప్రత్యేకమైన గొట్టాలవల్ల, మందులకు లొంగని క్రిములు ఏడుగురికి సోకాయి. వారిలో ఇద్దరి మరణానికి అవి కారణమై ఉండవచ్చునన్నారు. తయారీదారు చెప్పినట్లే కడిగినా, గొట్టం కొసనున్న చిన్న మీట సందుల్లో క్రిములు మిగిలిపోయాయి. దానితో 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ, వాడి పారవేసే కొసలున్న గొట్టాలకు మారమని ఆస్పత్రులకు సలహా ఇచ్చింది.

ఇది చదివి పరీక్ష మానుకోకండి. ఇలా రోగం సోకడం అరుదు. పరీక్ష మానుకుంటే లోపలి పుండో, కంతో తెలియకుండా ముదరవచ్చు. వెళ్ళినప్పుడు మాత్రం మొహమాటపడకుండా అడగండి: "ప్రతి రోగికీ మధ్య గొట్టాన్ని తోముతారా? ఎంతసేపు మందులో ఉంచుతారు? ఎలా ఆరబెడతారు?" శ్రద్ధగా పనిచేసేవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు సరికదా, సంతోషంగా చూపిస్తారు.